కడిగిన కర్ర

బ్రదర్ లూర్దురాజుకి ఆ కొండ మీద ఫలానాది నచ్చలేదని కాదు. అసలు అక్కడ ఏమీ లేకపోవడమే నచ్చలేదు.

మఠం అని పేరే గానీ ఉన్నవి రెండు గదులు, పక్కన రేకుల చర్చి. ఒక గదిలో మంచాలు, ఇంకో గదిలో వంట. ఆ వంటగది ఎంతంటే, ఫాదర్ రాయప్పగారు పొయ్యి దగ్గర నిలబడితే లూర్దు బయటికి రావాలి. లూర్దు లోపలికెళ్తే ఫాదర్‌గారు గుమ్మంలో నిలబడి మాట్లాడాలి. అన్నం ఆ గదిలోనే, చారు ఆ గదిలోనే, బీరూ ఆ గదిలోనే.

అవును, బీరే. కళ్ళు పెద్దవి చెయ్యకండి. ఆ ఇంట్లో అది పాత ఆచారం. ఎక్కడో చలిదేశం నుంచి వచ్చి, ఈ కొండ మీదే కన్నుమూసిన ముసలి ఫాదర్ ఒకాయన ఉండేవారు. ఆయన పెరిగిన మఠంలో ప్రార్థన ఎంత మామూలో బీరు కాచుకోవడం అంత మామూలట. రాయప్పగారు ఆయన దగ్గర ప్రార్థనా నేర్చుకున్నారు, బీరూ నేర్చుకున్నారు. ఏడాదికోసారి చర్చి పండుగకి ఒక గుండిగ కాస్తారు. ఊళ్ళో గడపకో గ్లాసు. తాగి పడిపోయేంత ఎవరికీ రాదు, నాకు రాలేదని ఎవరూ అలగరు.

లూర్దు మఠంలో చేరకముందు పట్నం దగ్గర పెద్ద బీరు ఫ్యాక్టరీలో పనిచేశాడు. తాడిచెట్టంత స్టీలు ట్యాంకులు చూసిన కళ్ళు అవి. పండుగ దగ్గరికొస్తోందని తెలిసి వంటగదంతా ఒకసారి కలియజూశాడు. కలియజూడ్డానికి పెద్దగా ఏమీ లేదనుకోండి.

"గుండిగ ఒక్కటేనా ఫాదర్?"

"ఒక్కటే."

"మరి గింజలు నానబెట్టడానికో గుండిగ, మరగబెట్టడానికో గుండిగ, పులియబెట్టడానికో గుండిగ ఉండాలి కదండీ?"

"ఒకదాని తర్వాత ఒకటే కదా చేస్తాం నాయనా. మూడూ ఒకేసారి చేస్తామా ఏంటి?"

"థర్మామీటరు?"

"పగిలింది."

"అయ్యో, ఎప్పుడు?"

"మా గురువుగారు ఉన్నప్పుడు."

లూర్దు నెత్తి పట్టుకున్నాడు. వేడి సరిగ్గా లేకపోతే గింజల్లోంచి తీపి దిగదు. మరీ ఎక్కువైతే అంతా గంజి. ఈ ముసలాయన ఏం చూసి చేస్తాడో మరి!

"నీళ్ళు బాగా కాగాక ఆవిరి కమ్మేస్తుంది, గుండిగలో ఏమీ కనబడదు" అన్నారు ఫాదర్‌గారు. "మంట తీసేసి ఊరుకో. ఆవిరి విడిపోయి నీళ్ళలో నీ మొహం నీకు కనబడితే, అప్పుడు గింజలు పోసెయ్యి."

"మొహం ఎంత కనబడాలి? స్పష్టంగానా, లీలగానా?"

"నువ్వేనని గుర్తుపడితే చాలు."

ఆ మాటకి లూర్దుకి నవ్వు రాలేదు. కోపం వచ్చింది. వస్తుంది మరి, కుర్రతనం.

మఠం కిందనే, నాలుగు అంగల్లో, దేముడమ్మ ఇల్లు. ఆవిడ గొంతు లేస్తే చర్చి గంట అక్కర్లేదు. ఆ రోజే పైకొచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఫాదరు బాబూ, ఈ ఏడు నురగ ఎప్పుడు లేస్తాది? ముంత తోమి ఉంచుకున్నాను."

ఇదింకో ఆచారం. పాలు పెరుగు కావాలంటే తోడు వెయ్యాలి కదా, బీరుకీ అంతే. తోడు పడితేనే పులుస్తుంది, పొంగుతుంది. ఫాదర్‌గారి గుండిగ పొంగి నురగ కట్టిన రోజున ఊరి ఆడవాళ్ళంతా ముంతలు పట్టుకొచ్చి తలా కాస్త నురగ ముంచుకుపోతారు. ఇళ్ళలో సోళ్ళు, అదే రాగులు, మొలకెత్తించి వాళ్ళు కాచుకునే బీరుకి అదే తోడు. ముసలి ఫాదర్ నాటి నుంచీ ఇంతే.

లూర్దు అదిరిపడ్డాడు.

"మన గుండిగలో ముంతలు ముంచుతారా? అందరూనా? చేతులు కడుక్కుంటారా అసలు?"

దేముడమ్మ తన రెండు చేతులూ అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఏమీ అనలేదు. దేముడమ్మ ఏమీ అనలేదంటే అది చిన్న విషయం కాదు.

"మా ఫ్యాక్టరీలో తోడు గదికి తాళం ఉండేది ఫాదర్" అన్నాడు లూర్దు. "బయటివాళ్ళని గుమ్మం తొక్కనిచ్చేవాళ్ళు కాదు. ఏదైనా మురికి పడిందంటే ట్యాంకు మొత్తం పారబోయాల్సిందే. ఈసారి నన్ను కాయనివ్వండి. తలుపు వేసుకుని శుభ్రంగా కాస్తాను. తేడా మీకే తెలుస్తుంది."

ఫాదర్‌గారు దేముడమ్మ వైపు చూశారు, లూర్దు వైపు చూశారు.

"సరే, నువ్వే కాయి" అన్నారు.

అనుకున్న రోజు రానే వచ్చింది. సరిగ్గా ఆ పొద్దునే ఫాదర్‌గారు అవతలి కొండ మీద ఒక పెళ్ళి చేయించడానికి బయల్దేరారు. గొడుగు చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గర ఆగారు.

"సాయంత్రానికి వచ్చేస్తాను. ఒక్కడివే ఉంటావా? దేముడమ్మని పిలవనా, తోడుంటుంది."

"నాకెవరి తోడూ అక్కర్లేదు ఫాదర్."

"నీకు అక్కర్లేకపోతే మానె. బీరుకి మాత్రం వెయ్యి. గుండిగ చల్లారాక, మరిచిపోకు."

"తోడు ఎక్కడుందండీ?"

"పొయ్యి మీద గోడకి!" అప్పటికే ఆయన మలుపు తిరిగేశారు.

లూర్దు చూశాడు. పొయ్యి పైన గోడకి చిన్న చెక్క బల్ల, దాని మీద గుడ్డ కట్టిన ముంత. ఓహో అదన్నమాట అనుకున్నాడు. గుడ్డ కట్టి ఉంచారంటే ముసలాయనకి కాస్తో కూస్తో శుభ్రం తెలుసునని సంతోషించాడు కూడా.

ఇక మొదలుపెట్టాడు. గుండిగని చింతపండు పెట్టి తోమాడు. నేల కడిగాడు, గోడలు తుడిచాడు, పొయ్యి అలికాడు. కలపడానికి ఏమన్నా ఉందా అని వెతికితే, ముంత పక్కనే మేకుకి వేలాడుతూ ఒక కర్ర కనిపించింది. మూరెడు పొడుగు, నిండా పగుళ్ళు. ఆ పగుళ్ళలో గోధుమరంగు పెచ్చులు కట్టి, పుల్లటి వాసన.

"ఓరి దేవుడా! దీంతోనా వీళ్ళు కలిపేది?"

బూడిద పెట్టి తోమాడు. కొబ్బరిపీచుతో రుద్దాడు. చాకు మొనతో పగుళ్ళలో పెచ్చులన్నీ గీకేశాడు. మరిగే నీళ్ళలో వేసి ఉడకబెట్టాడు, తీసి మళ్ళీ ఉడకబెట్టాడు, ఎండలో పెట్టాడు. కర్ర కొత్త పలుదోము పుల్లలా తెల్లగా తేలింది. దాన్ని చూసుకుంటే లూర్దుకి మనసు నిండింది.

పని నిజంగా బాగానే చేశాడండీ, ఆ మాట దాచకూడదు. మొలకెత్తించి చర్చి రేకుల మీద ఎండబెట్టిన బార్లీ, దాంట్లో కాసిని సోళ్ళు, ముందురోజే తిరగలిలో బరకగా విసిరి ఉంచుకున్నాడు. నీళ్ళు కాచి, మంట తీసి, గుండిగ మీదికి వంగి నిలబడ్డాడు. ఆవిరి మెల్లగా విడిపోయింది. నీళ్ళలోంచి తన మొహమే చెమటలు కక్కుతూ తనకేసి చూసింది. సిగ్గుపడుతూనే గింజలు పోశాడు. పాత దోమతెరతో కుట్టిన సంచిలో గింజలు, సంచి గుండిగలో. గుండిగకి గొంగళి కప్పి పెట్టాడు. తర్వాత సంచి పైకి లాగి ఉయ్యాల కట్టినట్టు దూలానికి కట్టాడు. తేనెరంగు నీళ్ళు బొట్లు బొట్లుగా గుండిగలోకి దిగాయి. నాలిక మీద వేసుకుంటే తియ్యగా ఉంది. చేదుకి, బస్సులో పార్సిల్ వచ్చిన హాప్స్ పూలు గుప్పెడు వేసి మరిగించాడు.

చిక్కు అప్పుడొచ్చింది. గుండిగ త్వరగా చల్లారాలి. దాన్ని మోసుకెళ్ళి కింద పారే గెడ్డలో పెట్టడం ఆ ఇంటి పద్ధతి. దానికి ఇద్దరు కావాలి.

కింద వాకిట్లో కంది కాయలు ఒలుస్తూ దేముడమ్మ అంతా చూస్తోంది.

"బాబూ, ఒక చెయ్యెయ్యనా?"

"వద్దమ్మా, నేను చూసుకుంటాను."

గుండిగ గెడ్డకి వెళ్ళలేదు కాబట్టి గెడ్డే గుండిగ దగ్గరికి వచ్చింది. పెద్ద తొట్టిలో గుండిగ పెట్టి, బిందెలు బిందెలు చన్నీళ్ళు మోసుకొచ్చి చుట్టూ పోశాడు. నడుం పట్టేసింది. పొద్దు వాలేసరికి గుండిగ చల్లబడింది. చేతులు కడుక్కుని, భక్తిగా ముంత దించి, గుడ్డ విప్పాడు.

చింతకాయ పచ్చడి!

ముందు వాసన చూశాడు. తర్వాత నాకి చూశాడు. సందేహం లేదు, పచ్చడే, కాస్త ఉప్పెక్కువైంది కూడా. గోడంతా వెతికాడు. ఖాళీ మేకు తప్ప ఇంకేమీ లేదు.

ఫాదర్‌గారు పెళ్ళి అరిసెలు మూట కట్టుకుని హుషారుగా వచ్చారు. "ఏం లూర్దూ, తోడు వేశావా?"

"తోడు కనబళ్ళేదు ఫాదర్. ముంతలో పచ్చడి ఉంది."

"పచ్చడి ముంతలో పచ్చడే ఉంటుంది. తోడు కర్రకి కదా ఉంటుంది."

"ఏ కర్ర?"

"మేకుకి ఉండాలే, పగుళ్ళ కర్ర. పొంగిన నురగలో ముంచి నీడన ఆరబెడితే పగుళ్ళలో బతికే ఉంటుంది. మళ్ళీ ఏడు గుండిగలో ముంచితే లేస్తుంది. మా గురువుగారు పెట్టెలో పెట్టుకుని ఓడ మీద తెచ్చిన కర్ర అది. ఏదీ?"

లూర్దు బయటికెళ్ళి కర్ర తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు.

ఫాదర్‌గారు దాన్ని అటూ ఇటూ తిప్పారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. గడప మీద కూర్చున్నారు. మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఏ వాసనా లేదు" అన్నారు మెల్లగా. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం లూర్దు చూశాడు. అది చూశాక లూర్దు ఆగలేకపోయాడు, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఉన్న గింజలన్నీ ఈ గుండిగకే అయిపోయాయి, ఇంకో గుండిగకి గింజ లేదు. ఈ రాత్రికి తోడు పడకపోతే తెల్లారేసరికి అదంతా చెడి కంపు కొడుతుంది. ఊరంతటికీ పండుగ పోయింది. అంతకంటే, ముసలి ఫాదర్ నుంచి మిగిలిన ఒకే ఒక్క ప్రాణమున్న వస్తువుని తన చేత్తో ఉడకబెట్టాడు. అదీ రెండుసార్లు.

"నన్ను పంపెయ్యండి ఫాదర్. నేను దేనికీ పనికిరాను."

"పంపిస్తాను, లే. ముందు దేముడమ్మ ఇంటికి పద." ఫాదర్‌గారు ముక్కు చీదుకుని లేచారు. కర్ర లూర్దు చేతిలో పెట్టారు. "ఇది పట్టుకో, దారిలో కుక్కలున్నాయి. ఇప్పుడిది దానికి పనికొస్తుంది."

దేముడమ్మ అప్పుడే గూట్లో దీపం పెట్టి ఇటు తిరిగింది. ఫాదర్‌గారు గుమ్మంలో నిలబడి లూర్దుని ముందుకి నెట్టారు. "అడుగు" అన్నారు.

"అమ్మా..." లూర్దు కర్రని వీపు వెనక దాచుకున్నాడు. "కొంచెం తోడు ఉంటే..."

"సేతులు కడుక్కున్నారా బాబూ?" అంది దేముడమ్మ.

లూర్దు మారుమాట్లాడకుండా వాకిట్లోకెళ్ళి, కుండలో నీళ్ళు తీసుకుని, మోచేతుల దాకా కడుక్కుని వచ్చి చూపించాడు. ఆవిడ అటూ ఇటూ తిప్పి మరీ చూసింది. అప్పటికి గానీ ఆవిడ కడుపుమంట చల్లారలేదు.

"తోడుకేటి, బోలెడుంది. మీ గుండిగలోదే, నిరుడు ముంచుకున్నాను. కానీ దీపమెట్టేసినాను గదా. దీపమెట్టినాక తోడు గడప దాటించి ఒకరి సేతికి ఇయ్యకూడదు. మా అత్త నాటి నుంచీ అంతే. రేపు పొద్దున్న రండి."

"రేపటికి చెడిపోతుందమ్మా!"

"నానేటి సెయ్యను? ఇయ్యకూడదంటే ఇయ్యకూడదు."

లూర్దు దిక్కుతోచక వెనక్కి చూశాడు. ఫాదర్‌గారు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నారు. గొడుగు చంకలోకి సర్దుకుని, మెల్లగా పక్కకి జరిగి, దారిచ్చారు.

దేముడమ్మ ఖాళీ గుమ్మం కేసి చూసింది. ఫాదర్‌గారి కేసి చూసింది. చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది.

"ఓలమ్మో, నిజమే గదా! నీ సేతికి ఇయ్యకూడదన్నాది గానీ, నానే పట్టుకెళ్ళి నా సేత్తో ఎయ్యకూడదని మా అత్త ఎప్పుడన్నాది?"

పొయ్యి పైన దూలానికి వేలాడుతున్న చుట్టకుదురు దించింది. కుండ కింద పెట్టుకునే గడ్డి కుదురే, కాకపోతే నురగలో ముంచి ఆరబెట్టింది. నిండా మసి. గడ్డి సందుల్లో గోధుమరంగు పెచ్చులు. వాసన తగలగానే లూర్దు గుర్తుపట్టాడు. పొద్దున తను చాకుతో గీకి పారేసిన వాసన అదే.

దారిలో పక్కింటి అప్పలకొండ ఎదురై "ఏటి, ఎక్కడికి?" అంది. సంగతి విని, "నీ తోడు సచ్చిపోయుంటేనో?" అని తన కుదురూ పట్టుకుని వెంట నడిచింది. ఆవిడ వెనక ఇంకొకామె. మఠం చేరేసరికి వంటగది ముందు వరుస. లోపల ఒక్కరికే చోటు కాబట్టి ఒకరు బయటికొస్తే ఒకరు లోపలికి. లూర్దుకి లోపల చోటే లేదు. తన గుండిగలో ఏం జరుగుతోందో గుమ్మంలోంచి మెడ చాచి చూడాల్సొచ్చింది.

దేముడమ్మ మసి కుదురుని మణికట్టు దాకా ముంచి, బట్ట జాడించినట్టు జాడించింది. లూర్దు నోరు తెరిచాడు. ఫాదర్‌గారు వాడి నోట్లో ఒక అరిసె ముక్క పెట్టారు.

గుండిగ పెట్టడానికి ఇంకెక్కడా చోటు లేక ఫాదర్‌గారి మంచం కిందికి తోశారు. తెల్లారగట్ల బుడబుడమని చప్పుడు. లూర్దు లేచి చూస్తే మూత పక్కకి ఒరిగి, నురగ నేలంతా పాకుతోంది. ఫాదర్‌గారి చెప్పు ఒకటి అందులో సగం మునిగి ఉంది.

ఫాదర్‌గారు కళ్ళు తెరవలేదు. పడుకునే గట్టిగా ఊపిరి పీల్చారు.

"మా గురువుగారు వచ్చినట్టున్నారే" అన్నారు.

లూర్దు కర్ర తెచ్చి తనే ముంచాడు. ఎవరూ చెప్పకుండానే గుమ్మంలోకి వెళ్ళి, కొండ కిందికి గొంతు చించుకుని అరిచాడు. "నురగ లేచిందమ్మా! ముంతలు తెచ్చుకోండి!"

"తాళం వెయ్యవా నాయనా?" అన్నారు లోపల్నుంచి ఫాదర్‌గారు.

పండుగ బాగా జరిగింది. గడపకో గ్లాసు అందింది. ప్రతి ఇల్లాలూ అది తన కుదురు రుచేనని పక్కావిడతో పోట్లాడింది. లూర్దు ఎవరికీ అడ్డు చెప్పలేదు.

కొన్నాళ్ళకి ఫాదర్‌గారు మళ్ళీ అవతలి కొండకి ప్రయాణమయ్యారు. గొడుగు కోసం వంటగదిలోకి వెళ్ళి, మేకు కేసి చూసి ఆగారు. మేకుకి కర్ర లేదు. మసిపట్టిన చుట్టకుదురు వేలాడుతోంది.

"కర్ర ఏదీ?"

"దేముడమ్మ పొయ్యి మీద ఉంది ఫాదర్. ఆవిడ కుదురు మన పొయ్యి మీద."

ఫాదర్‌గారు గొడుగు అందుకున్నారు. గుమ్మం దగ్గర, మరకపడ్డ చెప్పులో కాలు దూర్చుతూ, అలవాటు ప్రకారం అడిగారు.

"ఒక్కడివే ఉంటావా? ఎవరినైనా పిలవనా?"

లూర్దు కొండ కిందికి చూశాడు. ఒక్కో ఇంటి కప్పులోంచీ పొద్దుటి పొయ్యి పొగ లేస్తోంది.

"తోడుంది ఫాదర్."

ఆయన నాలుగు అడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"కడక్కు."